నీళ్లు లేని కోనేరు
గుడ్డ విమానానికి రేడియో యాంటెన్నా బిగించడంలో ఉన్న చిక్కు

ట్రాన్సిస్టర్ కాలం వాళ్లందరికీ ఈ చోద్యం తెలుసు. ఎఫ్‌ఎం స్టేషను గరగరమంటూ ఉంటుంది. పుల్ల పొడుగ్గా లాగినా, అటూ ఇటూ తిప్పినా లాభం ఉండదు. విసుగొచ్చి రేడియోని చేతిలోకి తీసుకోగానే పాట శుభ్రంగా వినబడుతుంది. హమ్మయ్య అనుకుని బల్ల మీద పెడతాం. మళ్లీ గరగర. ఇంట్లో ఎవరో ఒకరు పాట అయ్యేదాకా దాన్ని పట్టుకుని కూర్చోవలసిందే.

చేతిలో ఏముందని? ఈ ప్రశ్నను జేబులో వేసుకుని అమెరికాలోని ఒక షెడ్డులోకి వెళదాం.

అక్కడ ఇంటి గ్యారేజీలో సొంత చేతులతో విమానం కట్టుకోవడం చట్టం ఒప్పుకున్న వ్యాపకం. పనిలో సగానికి మించి సరదా కోసమో నేర్చుకోవడం కోసమో తామే చేశామని చూపిస్తే దాన్ని ‘ప్రయోగాత్మక’ విమానంగా నమోదు చేస్తారు. పాల్ పొబెరెజ్నీ 1953లో మిల్వాకీలో మొదలుపెట్టిన ఈఏఏ సంఘం ఇలాంటి వాళ్లకు పెద్ద దిక్కు. వాళ్లలో పాతకాలపు రుచి ఉన్నవాళ్లు చాలామంది ఎంచుకునేది పీటెన్‌పోల్ ఎయిర్ క్యాంపర్. మిన్నెసోటా రాష్ట్రంలోని చెర్రీ గ్రోవ్ అనే పల్లెలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ 1929లో ఫోర్డ్ మోడల్-ఏ కారు ఇంజను తగిలించి ఎగరేసిన రెండు సీట్ల విమానం ఇది. 1932లో దీని నమూనా చిత్రాలు పత్రికలో అచ్చయ్యాయి. వాటిని ముందేసుకుని ఇప్పటికీ కడుతూనే ఉన్నారు. స్ప్రూస్ కర్ర, ప్లైవుడ్, జిగురు, మీద గుడ్డ. అంతే. రేడియో ఊసే లేదు. 1929లో ఆకాశంలో ఎవరితో మాట్లాడాలి గనక?

ఇప్పుడు మాట్లాడాలి. కంట్రోల్ టవర్ ఉన్న విమానాశ్రయం దరిదాపులకు వెళ్లాలంటే రెండువైపులా మాట్లాడే రేడియో తప్పదు. టవర్ లేని చిన్న మైదానాల్లో అది తప్పనిసరి కాకపోయినా, ‘నేను దిగుతున్నాను’ అని నలుగురికీ చెప్పుకోవడం ప్రాణానికి మంచిది. అందుకని కట్టినాయన ఒక రేడియో కొంటాడు. పక్క షెడ్డులోని అల్యూమినియం సెస్నా విమానం వీపు మీద ఉన్నలాంటి పుల్ల యాంటెన్నానే తెచ్చి, సీటు వెనక ప్లైవుడ్ మీద బోల్టులతో బిగిస్తాడు. ఎగురుతాడు. టవర్ వాళ్లకు మాటలు ముక్కలు ముక్కలుగా వినబడతాయి. మాట్లాడటానికి బటన్ నొక్కినప్పుడల్లా ఆయన హెడ్‌సెట్‌లో ఒక ఊళ.

సెస్నాలో అదే రేడియో, అదే పుల్ల, అదే కేబుల్ భేషుగ్గా పనిచేస్తాయి. మరి ఇక్కడేమైంది?

కవ్వం తాడు

మజ్జిగ చిలికే కవ్వాన్ని గుర్తుచేసుకోండి. గుంజకు ఆనించిన కవ్వం, దానికి చుట్టిన తాడు, రెండు చేతుల్లో రెండు కొసలు. కుడి కొస లాగితే ఎడమ కొస లోపలికి పోతుంది. ఎడమది లాగితే కుడిది పోతుంది. ఒక్క కొసతో చిలకడం ఎవరివల్లా కాదు.

రేడియో చేసేదీ చిలకడమే, కాకపోతే సెకనుకు పన్నెండు కోట్ల సార్లు. రేడియో నుంచి యాంటెన్నాకు వెళ్లే కోయాక్సియల్ కేబుల్‌ను కోసి చూస్తే నడుమ ఒక రాగి తీగ, దాని చుట్టూ ప్లాస్టిక్, ఆ పైన సన్నని తీగల అల్లిక కనబడతాయి. తాడుకు రెండు కొసలు ఇవే. నడుమ తీగ పైకి వెళ్లి పుల్లలో కలుస్తుంది. రేడియో ఆ పుల్లలోకి ఎలక్ట్రాన్లను నెట్టినప్పుడు సరిగ్గా అన్నే ఎలక్ట్రాన్లను అల్లిక వైపు నుంచి లాక్కోవాలి. మరుక్షణం పుల్లలోవి వెనక్కి లాగి అల్లిక వైపుకు తోసెయ్యాలి. అల్లిక మరి ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తుంది, ఎక్కడ దాచుకుంటుంది?

సెస్నాలో అయితే అల్లిక కొస యాంటెన్నా మొదట్లో విమానం ఒంటికే తగులుకుని ఉంటుంది. ఒళ్లంతా అల్యూమినియం, ఎలక్ట్రాన్లకు కొదవ లేదు. పీటెన్‌పోల్‌లో అల్లిక కొస తగిలేది ప్లైవుడ్‌కు. కర్ర ఇవ్వదు, పుచ్చుకోదు. రెండో కొస పట్టుకునే చెయ్యి లేదు.

అయినా రేడియో ఊరుకోదు, దొరికిన చోటల్లా తడుముతుంది. దానికి దగ్గరలో దొరికే లోహం ఆ కేబుల్ అల్లిక వెలుపలి ముఖమే. కరెంటు దాని మీదుగా వెనక్కి పాకి రేడియో డబ్బాలోకి, అక్కడి నుంచి మైకు తీగలోకి, హెడ్‌సెట్‌లోకి, చివరికి పైలట్ ఒంట్లోకి చేరుతుంది. అంటే మొత్తం కాక్‌పిట్టే యాంటెన్నాలో సగమైపోయింది. హెడ్‌సెట్‌లో ఊళ అందుకే. పైలట్ కాళ్లు చాపితే ఒక రకంగా, ముడుచుకుంటే మరో రకంగా పనిచేసే రేడియోలు ఇలాగే పుడతాయి.

ట్రాన్సిస్టర్ చోద్యం కూడా ఇక్కడే విడిపోతుంది. బల్ల మీది రేడియోకు పుల్ల ఉంది గానీ రెండో సగం నామమాత్రం. చేత్తో పట్టుకోగానే ఉప్పునీటితో నిండిన మన ఒళ్లు ఆ రెండో సగం అయింది.

గోపురం, కోనేరు

1887-88లో జర్మనీలోని కార్ల్‌స్రూహెలో హైన్రిక్ హెర్ట్జ్ రేడియో తరంగాలను మొదటిసారి పుట్టించినప్పుడు ఆయన యాంటెన్నాకు రెండు చేతులూ ఉన్నాయి. నడుమ నిప్పురవ్వ, అటొక కడ్డీ, ఇటొక కడ్డీ. దీన్నే డైపోల్ అంటారు. 1895లో ఇటలీలో మార్కోని ఒక చేతిని పైకెత్తి రెండో చేతిని భూమిలో పాతిపెట్టాడు. సంకేతం కొండ దాటి దాదాపు రెండు కిలోమీటర్లు పోయింది. రెండో సగాన్ని విడిగా తయారుచేయకుండా నేలనే ఆ పనికి పెట్టడం ఆయన తెలివి.

అది ఎలా కుదురుతుందో తెలియాలంటే గుడి కోనేటి గట్టున నిలబడాలి. గట్టు మీద గోపురం ఒకటే. నీళ్లలో తలకిందులుగా ఇంకొకటి. దూరం నుంచి చూసే కంటికి రెండూ కలిసి ఒకే పొడవాటి ఆకారం. లోహపు రేకు మీద నిలబెట్టిన పుల్ల కూడా అంతే. రేకు రేడియో తరంగాలకు అద్దం. దూరాన ఉన్న టవర్‌కు పుల్లా, దాని ప్రతిబింబమూ కలిసి నిండు డైపోల్‌లా కనబడతాయి. ఈ రేకునే గ్రౌండ్ ప్లేన్ అంటారు. ప్రతిబింబం అన్నది అర్థం కావడానికి చెప్పుకునే మాట. నిజంగా పనిచేసేది పుల్ల మొదలు నుంచి నలువైపులా రేకు మీద పరిగెత్తే కరెంటు, అంటే కవ్వం తాడు రెండో కొస.

కాబట్టి దుకాణంలో కొనితెచ్చిన పుల్ల సగం యాంటెన్నా మాత్రమే. మిగతా సగాన్ని అల్యూమినియం విమానం ఊరికే ఇస్తుంది. కర్ర, గుడ్డ విమానంలో కోనేరు ఉంటుంది గానీ నీళ్లుండవు. ఆ నీళ్లు మనమే పొయ్యాలి.

───────────
చిన్న లెక్క: పుల్ల పొడవు ఎంత?
విమానాల మాటల రేడియో 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తుంది. మన ఎఫ్‌ఎం స్టేషన్లు 108 దగ్గర ఆగిపోతాయి. వాటికి కొంచెం పైన అన్నమాట. నడిమధ్య 127 అనుకుందాం, అంటే సెకనుకు 12 కోట్ల 70 లక్షల ఊపులు. తరంగం సెకనుకు 30 కోట్ల మీటర్లు పోతుంది. ఒక్క ఊపు పూర్తయ్యేలోపు 2 మీటర్ల 36 సెంటీమీటర్లు. అందులో పావు 59 సెంటీమీటర్లు. ఉయ్యాలను దాని లయలోనే తోస్తే చిన్న తోపుకే పెద్ద ఊపు వచ్చినట్టు, పావు తరంగం పొడవున్న పుల్లలో ఎలక్ట్రాన్లు సులువుగా ఊగుతాయి. పుల్ల లావు, చివరి అంచు ప్రభావం కలిసి అది ఉన్నదానికంటే కాస్త పొడవైనట్టు ప్రవర్తిస్తుంది. అందుకని కోసేటప్పుడు 56 సెంటీమీటర్ల దగ్గర మొదలుపెట్టి సరిచూసుకుంటారు.
───────────

నలభై గ్రాముల నీళ్లు

ఎంత రేకు కావాలి? పుల్ల ఎంత పొడవో, దాని మొదలు నుంచి నలువైపులా అంత దూరం. అల్యూమినియం రేకును అర మిల్లీమీటరు మందాన అంత గుండ్రంగా కోస్తే దాదాపు 1,400 గ్రాములు తూగుతుంది. నలభై గుర్రాల ఇంజనుతో ఎగిరే బండికి అది లెక్కలోకి వచ్చే బరువే.

అంత మందం అక్కరలేదు. ఇంత వేగంగా దిశ మార్చుకునే కరెంటు లోహం లోపలికి దిగదు, పైపైనే పాకుతుంది. 127 మెగాహెర్ట్జ్ దగ్గర అల్యూమినియంలో అది దిగే లోతు మిల్లీమీటరులో వందో వంతు కూడా కాదు, సుమారు ఏడు మైక్రోమీటర్లు. వంటింట్లో చపాతీలు చుట్టే ఫాయిలు మందం దానికి రెండింతలు. అంటే చపాతీ ఫాయిలు కూడా రేడియోకు దిట్టమైన రేకే. చదరపు మీటరు ఫాయిలు బరువు నలభై గ్రాముల పైచిలుకు.

రేకు గుండ్రంగా, నిండుగా ఉండాలని కూడా లేదు. గొడుగు ఊచల్లా పుల్ల మొదలు నుంచి నలువైపులా పట్టీలు పరిస్తే చాలు. నాలుగైనా ఉండాలి, ఎనిమిదైతే ఇంకా మేలు. గుడ్డ విమానాలకు పుల్ల కంటే తక్కువ పొడవు కాకుండా లోహపు పట్టీలను గుడ్డ కింద ఇలా కిరణాల్లా పరచడం ఆమోదయోగ్యమని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ వెలువరించిన ఏసీ 43.13-2బి అనే మార్గదర్శిలోనే ఉంది. ఆ సంస్థ కాగితాల్లో ఇంత సూటిగా ఉన్న మాటలు తక్కువ.

చేతిపని దగ్గరకొస్తే తిప్పలు మొదలవుతాయి. ఫాయిలు చిరుగుతుంది, ఇంజను అదురుకు విమానంలో అన్నీ వణుకుతుంటాయి. అందుకని జిగురున్న రాగి పట్టీ వాడేవాళ్లు ఎక్కువ. రాగికి టంకం అతుకుతుంది, అల్యూమినియానికి మామూలు టంకం అతకదు. పట్టీల మొదళ్లన్నీ ఒక చిన్న పలక దగ్గర కలిసి, ఆ పలకకు కేబుల్ అల్లిక గట్టిగా తగలాలి. ఇదొక్కటీ వదులైతే మిగతా పనంతా వృథా. పట్టీ మీద పట్టీ అతికించి కలిసిపోయిందనుకోవడం మరో పొరపాటు. నడుమనున్న జిగురు చాలాసార్లు కరెంటును పోనివ్వదు. రాగిని అల్యూమినియానికి నేరుగా తగిలిస్తే తేమ చేరి కొన్నాళ్లకు అల్యూమినియం తినేసుకుపోతుంది.

పీటెన్‌పోల్ ఒళ్లు సన్నం. ముందూ వెనకా పట్టీలు చాపడానికి కావలసినంత చోటుంది గానీ పక్కలకు అడుగు దాటగానే అంచు వస్తుంది. అప్పుడు మిగిలిన పట్టీని పక్క గోడ వెంబడి కిందికి వంచెయ్యాలి. కక్కుర్తి పనిలా కనబడుతుంది గానీ నిజానికి మేలే. కేబుల్‌కూ యాంటెన్నాకూ ఈడూజోడూ కుదరాలి. మూతి సరిపోని గరాటులో పోసిన నూనెలా, కుదరకపోతే పంపిన శక్తిలో కొంత వెనక్కి పొంగుతుంది. ఆ ఈడును ఓమ్‌లలో కొలుస్తారు. విమాన రేడియోల కేబుల్ 50 ఓమ్‌లది. చదునైన రేకు మీది పుల్ల 36 దగ్గర ఉంటుంది. పట్టీలు కిందికి వాలేకొద్దీ పెరుగుతూ, 45 డిగ్రీల వాలుకు దాదాపు 50 అవుతుంది.

ఇదంతా గుడ్డ కప్పకముందే చేసుకోవాలి. పాలిస్టర్ గుడ్డను చట్రం మీద జిగురుతో అతికించి, వేడిచేసిన ఇస్త్రీపెట్టెతో రుద్దితే డప్పు తోలులా బిగుసుకుంటుంది. ఆ తర్వాత యాంటెన్నా గుర్తొస్తే లోపలికి చెయ్యి పెట్టే దారి ఉండదు. ప్లాస్టిక్ వలయం ఒకటి గుడ్డకు అతికించి, దాని లోపలి గుడ్డను గుండ్రంగా కోసి, అరచేతిని దూర్చి తడుముకుంటూ పని చెయ్యాలి.

దాచుకునే సౌకర్యం

ఇంతసేపూ కర్రను తిట్టాం. దానికో సుగుణం కూడా ఉంది. కర్ర, గుడ్డ, గాజుపీచు రేడియో తరంగాలకు కిటికీ అద్దాల్లాంటివి. వాటి గుండా వచ్చీ పోతాయి. కాబట్టి యాంటెన్నాను పూర్తిగా విమానం లోపలే దాచుకోవచ్చు. గాలికి ఎదురుండదు, విరగదు, పాతకాలపు అందం చెడదు. 1970ల్లో బర్ట్ రుటాన్ రూపొందించిన వారీఈజీ లాంటి గాజుపీచు విమానాల్లో జిమ్ వియర్ అనే రేడియో ఇంజనీరు చూపిన రాగి పట్టీ యాంటెన్నాలు అలాంటివే. వాటిలో రెండు చేతులూ పట్టీతోనే చేస్తారు. రెండు సగాలూ తనవే కనుక అద్దంతో పనిలేదు. అదే నార అయినా కార్బన్ పీచు విషయం వేరు. అది కరెంటును పోనిస్తుంది, కాబట్టి తరంగాలను అడ్డుకుంటుంది.

మరి పీటెన్‌పోల్‌లోనూ డైపోల్ పెట్టేసుకోవచ్చుగా? పెట్టవచ్చు, పొడవుతోనే గొడవ. రెండు చేతులూ కలిపి 112 సెంటీమీటర్లు. అదీ నిటారుగా నిలబడాలి, టవర్ యాంటెన్నాలు నిటారుగా ఉంటాయి కనుక. పడుకున్న యాంటెన్నాకూ నిలబడ్డ యాంటెన్నాకూ మాట సరిగా కలవదు. పీటెన్‌పోల్ తోక భాగంలో అంత ఎత్తు దొరకదు. పైగా ఆ తోకలోంచే చుక్కానికి, ఎలివేటర్‌కు పోయే ఉక్కు తీగలు సాగుతుంటాయి. యాంటెన్నా పక్కన పొడవాటి తీగ ఉంటే అది పిలవని పేరంటానికి వచ్చినట్టు చిలకడంలో చెయ్యి కలుపుతుంది. నన్నడిగితే సీటు వెనక నిటారుగా ఒక పుల్ల, దాని అడుగున పట్టీలు, ఇదే ఈ విమానానికి తగిన ఏర్పాటు.

ఉక్కు గొట్టాలు, వెండి రంగు

గుడ్డ విమానాలన్నీ కర్రవి కావు. పైపర్ కబ్ లాంటివి, మన బెంగళూరులో నేటి హిందుస్థాన్ ఏరోనాటిక్స్ తయారుచేయగా 1958లో తొలిసారి ఎగిరి ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఎందరికో ఓనమాలు దిద్దించిన పుష్పక్ లాంటివి ఉక్కు గొట్టాల చట్రం మీద గుడ్డ తొడుక్కున్నవే. వీటిలో తీరు తిరగబడుతుంది. యాంటెన్నా లోపల దాచితే గొట్టాల పంజరం దాన్ని బంధిస్తుంది, కనుక అది బయటికి రావలసిందే. బదులుగా రెండో సగంలో కొంత గొట్టాలే ఇస్తాయి. గొట్టాల మధ్య ఒక రేకు బిగించి, క్లాంపుల కింద రంగు గీకి, లోహానికి లోహం తగిలేలా చెయ్యాలి. రంగు గీకడం మరిచిపోయి నెలల తరబడి రేడియోను అనుమానించేవాళ్లున్నారు.

గుడ్డ మీద వెండి రంగు పూతలు చూసి, ‘అల్యూమినియం పొడి కలిపిన రంగేగా, అదే రేకులా పనిచేయదా?’ అని అడుగుతారు. చేయదు. అప్పడంలో జీలకర్ర గింజల్లా ఆ పొడి రేణువులు పక్కపక్కనే ఉన్నా ఒకదానికొకటి తగలవు. ప్రతి రేణువు చుట్టూ రంగు జిగురు పొర ఉంటుంది. ఆ పూత పని వేరు. పాలిస్టర్ దారాన్ని పుచ్చిపోయేలా చేసే అతినీలలోహిత కిరణాలను ఆపడానికి దాన్ని వేస్తారు.

బయట బిగించిన పుల్ల విషయంలో గుర్తుంచుకోవలసింది గాలి. గుడ్డ ఏ బరువూ మోయదు. పుల్ల బోల్టులు గుడ్డ కింద ఉన్న ప్లైవుడ్‌కో రేకుకో, అక్కడి నుంచి చట్రానికో భారం దించాలి. వేగం రెండింతలైతే గాలి తోపు నాలుగింతలు. పీటెన్‌పోల్ నెమ్మదైన విమానం కనుక విరుగుతుందన్న భయం తక్కువ. అదురే అసలు శత్రువు.

───────────
ఎర్త్ వేరు, గ్రౌండ్ ప్లేన్ వేరు
ఇంటి వెనక గొయ్యి తీసి, ఉప్పు, బొగ్గు వేసి దింపే ఎర్త్ పని ప్రమాదకరమైన కరెంటును నేలలోకి పంపడం. గాల్లో ఉన్న విమానానికి నేలే లేదు. గ్రౌండ్ ప్లేన్ కరెంటును ఎక్కడికీ పంపేయదు, పుల్లతో ఇచ్చిపుచ్చుకుంటుంది. అందుకే సన్నని తీగ ఒకటి ఇంజను దాకా లాగి ‘ఎర్త్ చేశాను’ అనుకుంటే ఒరిగేది లేదు. రేకు పుల్ల పాదాల దగ్గరే ఉండాలి.
───────────

ముక్కు మీద హెర్ట్జ్

రేడియో సరిపడ్డాక ఇంకో చప్పుడు బయటపడుతుంది. ఇంజను వేగంతో పాటు పెరిగే టకటక. హెర్ట్జ్ తరంగాలను పుట్టించింది నిప్పురవ్వతో. స్పార్క్ ప్లగ్గు చేసేదీ అదే. అంటే పైలట్ ముందు ఒక పాతకాలపు ట్రాన్స్‌మిటర్ నిరంతరాయంగా ప్రసారం చేస్తూ ఉంటుందన్నమాట. అల్యూమినియం విమానంలో ఇంజనుకూ యాంటెన్నాకూ మధ్య లోహపు గోడలు, తొడుగు ఉంటాయి. గుడ్డ విమానంలో మరుగు తక్కువ. ప్లగ్గులకు పోయే తీగలకు లోహపు అల్లిక తొడిగి, యాంటెన్నాను ఇంజనుకు ఎంత దూరం పెట్టగలిగితే అంత దూరం పెట్టడమే మందు.

───────────
జీపీఎస్‌తో పోట్లాట
జీపీఎస్ ఉపగ్రహాల సంకేతం 1575.42 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది. 121.175 మీద మాట్లాడుతున్నప్పుడు రేడియో నుంచి దాని గుణిజాలు కూడా లీలగా వెలువడతాయి. పదమూడో గుణిజం 1575.275. వేల కిలోమీటర్ల నుంచి వచ్చే ఉపగ్రహపు గొంతును ఆ లీలామాత్రపు రొద కూడా ముంచెయ్యగలదు. బటన్ నొక్కినప్పుడల్లా జీపీఎస్ దారి తప్పితే రెండు యాంటెన్నాలనూ దూరం జరపాలి.
───────────

మీటరును నమ్మకండి, చుట్టూ తిరగండి

పనయ్యాక విమానాన్ని ఇనుప షెడ్డు నుంచి బయటికి తోసి, ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు పెట్టి చూస్తారు. వెనక్కి పొంగే శక్తి ఎంతో అది చెబుతుంది. 2 చూపిస్తే తొమ్మిదో వంతు వెనక్కి వస్తున్నట్టు, 3 చూపిస్తే పావు వంతు. 1.5 కంటే తక్కువ వస్తే మిఠాయి పంచుతారు. పుల్ల బదులు 50 ఓమ్‌ల నిరోధకాన్ని తగిలించినా మీటరు నిండు మార్కులు వేస్తుంది. అది ఒక్క మాటనూ బయటికి పంపదు, శక్తినంతా వేడిగా మార్చుకుంటుంది. శక్తి వెనక్కి రాలేదని మాత్రమే మీటరు చెప్పగలదు, అది ఎటు పోయిందో చెప్పలేదు.

అందుకని అసలు పరీక్ష ఆకాశంలోనే. స్నేహితుడొకరు చేతి రేడియోతో మైదానంలో కూర్చుంటాడు. విమానం వెయ్యి అడుగుల ఎత్తుకు వెళుతుంది. ఆ ఎత్తు నుంచి రేడియోకు దిగంతం దాదాపు 70 కిలోమీటర్లు, కానీ పరీక్షకు పదిహేనో ఇరవయ్యో చాలు. అక్కడ మెల్లగా ఒక చుట్టు తిరుగుతూ, ముక్కు ఏ దిక్కుకు ఉందో పైలట్ చదువుతుంటాడు: ఉత్తరం, ఈశాన్యం, తూర్పు. కింద కూర్చున్నాయన ప్రతి దిక్కుకూ ఎదురుగా గొంతు ఎలా వినబడిందో కాగితం మీద రాసుకుంటాడు. ముక్కు తనవైపు తిరిగినప్పుడు ఇంజను అడ్డుపడి గొంతు కాస్త తగ్గవచ్చు. రెక్క వాలిన వైపును బట్టి మరికాస్త తేడా. ఏదో ఒక దిక్కున గొంతు పూర్తిగా మాయమైతే మాత్రం విమానం దిగగానే సీటు వెనకాల గుండ్రటి మూత తీసి, అరచేయి లోపలికి పెట్టి, ఏ పట్టీ ఊడిందో వేళ్లతో వెతకాలి.